పెరటితోట చెప్పు చరిత్ర

చరిత్రకు శాసనములు, కైఫీయతులు, రాజవంశావళులు మాత్రమే ఆధారములు కావు. ఇంటి వెనుక పెరడును ఒక ఆధారమే. రాజ్యములు మారినను, పాలనాభాష మారినను, ఇల్లాలు ఏటేట విత్తు నాటుట మానలేదు. ఇతర రాష్ట్రములందు స్థిరపడిన తెలుగువారి జీవితమును గ్రహించుటకు ఈ చిన్న విషయము మిక్కిలి తోడ్పడును.

వసంతకాలపు పెరటితోటకు రెండు పండుగలు ఎల్లలు. మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. ఆనాడు చిక్కుడుకాయలతో రథము కూర్చి, చిక్కుడాకులలో సూర్యునికి పరమాన్నము నివేదించుట ఆచారము. చిక్కుడు శీతకాలపు పంట. దాని కాపు వెనుకబట్టు వేళకు బీర, దోస, ఆనప పాదులు సిద్ధమగును. చలి తగ్గి నేల వెచ్చబడిననేగాని ఈ తీగల విత్తులు చక్కగా మొలవవు. అప్పటినుండి ఉగాదికి సుమారు 53 దినములు. తోటకూర నెలనాళ్లకే కోతకు వచ్చును. బెండ 45 మొదలు 50 దినములలో తొలికాపు నిచ్చును. దోస, బీర 50 మొదలు 60 దినములలో కాయును. కావుననే మాఘమున విత్తిన పెరడు ఉగాదినాటికి తొలికూర నందించును.

ఈ తోటకు మూలధనము విత్తనమే. తొలికాయలను కూరకు కోసి, మేలైన కాయ నొకదానిని తీగపైననే ముదురనిత్తురు. బీరకాయను ఎండిన పిదప వంటయింటి దూలమునకు వ్రేలాడదీయుదురు. కొన్ని గింజలను బూడిదలో కలిపి దాచుదురు, కొన్నిటిని పేడతో గోడకు కొట్టుదురు. పురుగు పట్టకుండుటకు ఇవి ఉపాయములు. ఊరు విడిచిన కుటుంబమునకు కొంగున ముడి వేసికొని పోదగిన ఆస్తి ఇదియే.

ఊరు విడుచుట అనేక విధముల జరిగినది. విజయనగర కాలమునను, మధుర, తంజావూరు నాయకరాజుల కాలమునను తమిళదేశమునకు తెలుగు కుటుంబములు విశేషముగా తరలినవి. మగ్గమును, మిల్లును ఆశ్రయించి పద్మశాలీలు షోలాపురము చేరిరి. కొందరు కదలలేదు, ఎల్లలే కదలినవి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము అందు చేరినది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను.

తమిళనాటను, ఒడిశాలోను సంవత్సరాది సౌరమానముచే ఏప్రిలు నడుమ వచ్చును. కనుక అచటి తెలుగింటి ఉగాది సాధారణముగా పొరుగువారి పండుగకు ముందే వచ్చును. కర్ణాటకమున యుగాది, మహారాష్ట్రమున గుడిపాడ్వా ఆనాడే జరుగును. అచట తెలుగింటిని గుర్తుపట్టించునది తిథి కాదు, కూరపేరు.

ఆ పేర్లలో చుట్టరికమును కలదు, వేర్పాటును కలదు. తెలుగువారి బీర తమిళులకు పీర్కు, కన్నడిగులకు హీరె. మూడును ఒక్క తల్లి బిడ్డలే. వంగను మరాఠీలు వాంగీ యందురు. కాని గోంగూర తమిళనాట పుళిచ్చకీరై, కన్నడమున పుండి, మరాఠీలో అంబాడి. అంగడిలో ఆ పేర్లతో అడుగక తప్పదు. పెరటిలో మాత్రము ఆ ఆకు గోంగూరయే.

ఇచటనే ప్రమాదము పొంచియున్నది. పిల్లలు వేరు భాషలో చదివి, కూర అంగడినుండియే వచ్చునపుడు, ఇంటిపేరు అంగడిపేరునకు లోబడును. తెలుగు లిపి యెరుగని యింటను బీరపాదు, ఆనపతీగ, గోంగూరమడి అను మాటలు నిలిచియుండవచ్చును. పాదు పోయిన ఆ మాటలకు ఇంట పనియుండదు. కావున మాఘమున నాలుగు బీరగింజలు నాటుటయు, వాని పేరు తెలుగున పిల్లలకు చెప్పి వారిచేతనే తొలికాయ కోయించుటయు భాషాసేవలో ఒక భాగమే. అందులకు రెండు మూరల నేల చాలును.