ఏలిక లేని భూమికి యాత్రలు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పెద్దలనెడివారు. పోయినవాడు మరలివచ్చునను నమ్మకము లేని దినముల మాట యది. భూగోళపు దక్షిణపు కొనను మంచుచే కప్పబడియున్న అంటార్కిటికా ఖండము విషయమున ఈ సామెత ఇరువదవ శతాబ్దమునను నిజమై యుండెను. 1912లో దక్షిణ ధ్రువమును చేరిన స్కాటు దొరయు, అతని నలుగురు సహచరులును తిరుగుదారిలో ఆ మంచులోనే మరణించిరి. అట్టి చోటికి నేడు జనులు వేడుకకై పోయి వచ్చుచున్నారు. ఆ మార్పు వచ్చిన విధమును, దానివలన పుట్టిన చిక్కును మీకు మనవి చేయదలచితిని.

ఈ ఖండమునకు రాజు లేడు. అచట పుట్టి పెరిగిన ప్రజలును లేరు. ఏడు దేశములు కొన్ని భాగములు తమవని చెప్పుకొనినను, 1959లో పన్నెండు దేశములు ఒడంబడిక చేసికొని, ఆ తగవులను ఉన్నచోటనే నిలిపి, ఆ భూమిని శాంతికిని శాస్త్రపరిశోధనకును విడిచినవి. ఏలిక లేని సొత్తు ఏమగునో లోకము అంతకు మున్నే చూచియుండెను. 1819లో దక్షిణ షెట్లండు దీవులు కనబడగనే, బొచ్చు తోలుగల సీలు జంతువులకై వేటగాండ్రు గుంపులుగా దిగిరి. కొలది యేండ్లలోనే అవి ఇంచుమించు నశించినవి.

వేడుక యాత్రలకు దారి చూపినవారిలో ముఖ్యుడు లిండ్‌బ్లాడ్ అనునతడు. స్వీడను దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. 1966లో అర్జెంటీనా నౌకాదళపు ఓడను అద్దెకు గైకొని 57 మంది యాత్రికులను గొనిపోయెను. 1969లో ఇట్టి యాత్రలకొరకే ఎక్స్‌ప్లోరర్ అను ఓడను కట్టించెను.

వేడుకతోపాటు విపత్తులును వచ్చినవి. 1979 నవంబరు 28న న్యూజీలండునుండి ఖండమును పైనుండి చూపుటకై పోయిన విమానము ఎరెబస్ పర్వతమును తాకి, అందలి 257 మందియు మరణించిరి. 1989లో యాత్రికులతో పోవుచున్న అర్జెంటీనా ఓడయొకటి రాతిని తాకగా, లక్షల లీటర్ల చమురు సముద్రమున వ్యాపించెను. 2007లో ఎక్స్‌ప్లోరర్ ఓడయే మంచును తాకి మునిగెను. అందలి 154 మందిని మరియొక యాత్రిక నౌక రక్షించెను. ఆ నౌక చేరువలో లేకున్న వారి గతి యేమై యుండెడిదో యోచింపుడు.

1991లో ఓడల యజమానులే సంఘముగా కూడి కట్టుబాట్లు చేసికొనిరి. ఒక్కమారు ఒకచోట నూరుగురికి మించి దిగరాదు; పక్షులకు ఎడముగా నిలువవలెను; పరదేశపు విత్తనములు చేరకుండ పాదరక్షలు కడుగవలెను. ఆ యేటనే ఒడంబడిక దేశములు గనుల త్రవ్వకమును నిషేధించినవి. కాని 2022-23 వేసవిలో పోయినవారి సంఖ్య, ఓడ దిగక చూచి మరలినవారితో కలిపి, లక్ష దాటెను. హద్దు మీరిన ఓడను పట్టుటకు అచట పోలీసు ఠాణా లేదు.

ఊరి ఉమ్మడి చెరువు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అందరిదైన గట్టును ఎవరును కాపాడకున్న అది తెగును. పెద్దలు కూడి వంతులు నిర్ణయించిన ఊళ్లలో నిలుచును. 1983లో ఒడంబడికలో చేరిన మన దేశమునకును ఈ గట్టు కాపాడు వంతు కలదు. 2022లో మన పార్లమెంటు ఇందులకై చట్టము చేసెను. 2024 మే నెలలో కొచ్చి నగరమున జరిగిన ఒడంబడిక దేశముల సభలో ఈ యాత్రలకు ఉమ్మడి నిబంధనలు కూర్చు చర్చ సాగెను. చూడబోవువారి కోరిక తప్పు కాదు. చూచినదానిని తరువాతివారికి మిగుల్చుటయే యాత్రకు ధర్మము.