పొయ్యి చుట్టూ దుంగలు

ఇలా జరుగు అమ్మలూ, ఫైర్‌ప్లేస్ దగ్గరికి. బొంత కాళ్ళ మీద కప్పుకో. దీని సంగతి చెప్తా.

మీ తాతయ్యతో నేను ఒహాయో వచ్చిన కొత్తలో, 1976లో, స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళయిందని ఈ దేశమంతా పండగ చేసుకుంది. అటకల మీది నాయనమ్మల నాటి బొంతలన్నీ కిందికి దిగాయి. ఆడవాళ్ళు మళ్ళీ సూదీ దారం పట్టారు. మా పక్కింటి ముసలావిడ చర్చి హాల్లో నలుగురినీ పోగేసి కుట్టించేది. నన్నూ రమ్మంది. మా అమ్మ పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది కదా, ఆ పనంటే నాకు బెరుకు లేదు.

ఆవిడ నేర్పింది లాగ్ కాబిన్, దుంగల ఇల్లు. నడిమధ్య ఎర్ర చదరం పొయ్యి అట. చుట్టూ పేర్చే పట్టీలు గోడ దుంగలు. లింకన్ అలాంటి ఇంట్లోనే పుట్టాడు. ఆయన అధ్యక్షుడైన 1860ల నుంచే ఈ నమూనా ఇంటింటికీ పాకింది.

చదరం ఒక పక్కకు లేతరంగు పట్టీ కుట్టాలి. పట్టీ వెడల్పు అంగుళంన్నర. అటూ ఇటూ పావంగుళం కుట్టులోకి పోతే కనిపించేది అంగుళం. మిగిలిన కొస కత్తిరించి, ఇస్త్రీ చేసి, ముక్కను పక్కకు తిప్పు. రెండో లేత పట్టీ చదరాన్నీ మొదటి పట్టీ కొసనూ కలుపుకుని పోవాలి. తర్వాత రెండు ముదురువి. అలా తిరుగుతూ పోతే ముక్క ఐమూలగా సగం వెలుగు, సగం నీడ అవుతుంది. ఆ పావంగుళం దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. కుట్టుకుట్టుకీ పోగంత తేడా వచ్చినా చివరి వరసకి ముక్క వంకరపోతుంది, పక్కదానితో అతకదు.

గుడ్డ అందంగా ఉందా అని చూడకు. లేతా, ముదురా, అంతే. కళ్ళు సగం మూసి చూస్తే తెలిసిపోతుంది. ఈ లేతది నా వెంకటగిరి చీర, కట్టీ కట్టీ చిరిగింది. ఈ ముదురుది మంగళగిరి. గళ్ళది ఆ ముసలావిడ పోయిన భర్త చొక్కా. తనే కత్తిరించి నా చేతిలో పెట్టింది.

ముక్కలన్నీ నేల మీద పరిచి తిప్పి చూడడం నాకు ఎంతిష్టమో! ఒక రకంగా పేరిస్తే నడుమ నుంచి వజ్రాకారపు వరసలు. అది బార్న్ రైజింగ్, ఊరంతా కలిసి ఒకరి కొట్టాం లేపడం. ఇంకో రకంగా పేరిస్తే ఏటవాలు చారలు, స్ట్రెయిట్ ఫర్రో. నాగటి చాళ్ళమ్మా! తెనాలి పక్క పొలాల్లో పెరిగినదాన్ని, అదే కావాలన్నాను. ఇన్ని మడతల మీద మళ్ళీ కుట్టెయ్యడం కష్టం, అందుకే పాతవాళ్ళలాగే అక్కడక్కడ ముడులేసి అస్తరుకు కలిపాం.

2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో అలబామాలోని గీస్ బెండ్ నల్లజాతి ఆడవాళ్ళ బొంతలు గోడలకు వేలాడదీశారు. దీనికి దగ్గరి నమూనాను వాళ్ళు హౌస్‌టాప్ అంటారు. కొన్నిటికి పొలం పనిలో అరిగిన ప్యాంట్లే గుడ్డ. మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలం అలాగే ఉంటుంది. మా అమ్మ బొంతలూ అలా గోడకెక్కాల్సినవే. ఒక్కటీ మిగల్లేదు.

రేపు నీ చిన్నప్పటి నూలు గౌన్లు పెట్టెలోంచి తియ్యి. పట్టువి వద్దు, జారతాయి. ముందు లేతవీ ముదురువీ వేరు చేద్దాం.