ఎల్లలెరుగని ఉరుము



ఎండాకాలంలో పగలంతా నేల కాగిపోతుంది. సాయంత్రానికి పడమట నగరి కొండల వైపు నల్లమబ్బు లేస్తుంది. సముద్రపు గాలి తెచ్చిన తేమ దానికి బలమిస్తే, తిరుత్తణి దాటి తిరువళ్లూరు మీదుగా చెన్నై వైపు సాగుతుంది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ నిర్ణయం ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. ఆ ఎల్ల మనుషులకే గాని మేఘానికి కాదు. నగరి ఏటి నీరు కుశస్థలిలో కలిసి పూండి జలాశయానికే చేరుతుంది.

ఈ మబ్బును శాస్త్రం ఎప్పటినుంచి చూస్తోంది? మద్రాసు నుంగంబాకంలో 1792లోనే వేధశాల వెలిసింది. నక్షత్రాలతో పాటు గాలి పీడనం, ఉష్ణోగ్రత కూడా అక్కడ నమోదయ్యేవి. కాని అవి ఆ ఒక్క చోటి సంగతులే. నాలుగైదు మైళ్ల వెడల్పున్న ఉరుముల వాన రెండు వానమానాల నడుమ నుంచి జారిపోగలదు.

2002లో భారత వాతావరణ శాఖ తన తొలి డాప్లర్ రాడార్‌ను చెన్నై ఓడరేవు వద్ద నెలకొల్పింది. తుపానుల కోసం పెట్టిన ఆ కన్ను నేల వైపు కూడా చూస్తుంది. అది పంపిన తరంగం వాన చినుకులకు తగిలి తిరిగివస్తుంది. పట్టిన కాలాన్ని బట్టి దూరం, ప్రతిధ్వని బలాన్ని బట్టి వాన తీవ్రత తెలుస్తాయి. దగ్గరకు వచ్చే రైలు కూతలో స్వరం హెచ్చినట్లే, తరంగంలోని మార్పు గాలి వేగాన్ని చెబుతుంది. ఈ సూత్రాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించాడు.

అయితే ఒక్క రాడార్ తనవైపు వచ్చే గాలినీ, తననుండి పోయే గాలినీ మాత్రమే కొలవగలదు. అడ్డంగా వీచేది దానికి దాదాపు కనబడదు. తిరుత్తణి నుంచి చెన్నైకి సాగే గాలివాన దానికి ఎదురుగానే వస్తుంది కనుక బాగా చిక్కుతుంది.

మరొక పరిమితి ఉంది. భూమి గుండ్రన కాబట్టి, తీరం నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరానున్న తిరుత్తణి చేరేసరికి రాడార్ కిరణం నేలకు దాదాపు కిలోమీటరు ఎత్తున ఉంటుంది. కింద చేలో వీచే ఈదురుగాలి దాని కంటబడకపోవచ్చు. పిడుగు ఏ చెట్టు మీద పడుతుందో అసలే చెప్పలేదు.

అందుచేత హెచ్చరిక అందితే సంతోషం, అందకపోయినా ఉరుము వినబడిందంటే అదే హెచ్చరిక. పొలం విడవండి, చెట్టు కింద నిలవకండి, పక్కా ఇంట్లోకి చేరండి. ఎల్లకు ఇవతలి వారైనా అవతలి వారైనా పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే.