సింధునగరముల యవసానము: ఖడ్గమా, అనావృష్టియా?

మొహెంజొదారో సందులలో పడియున్న అస్థిపంజరముల చిత్రమును చూపి, ఆ నగరము దండయాత్రలో నశించినదని బోధించిన చరిత్రపాఠమును బాల్యమున కంఠస్థము చేసినవారిలో నేనొకడను. ఆ పాఠముపై నాకు మొదటి సంశయము గ్రంథాలయమున గాక, కచ్ఛదేశపు ఖదీర్ ద్వీపమున, ఒక వైశాఖ మధ్యాహ్నమున సింధునగరమైన ధోలావీరా తూర్పు తటాకపు మెట్లు దిగుచుండగా కలిగినది. సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు గల యా తటాకమున అడుగుదాక దిగినను నీటిచుక్క కానరాలేదు. మెట్ల రాళ్లు మాత్రము అరికాళ్లను కాల్చుచుండెను. వానకాలమున మాత్రమే పారు మన్సర్, మన్‌హర్ వాగులకు అడ్డుకట్టలు వేసి, ఆ నీటిని తటాకమునుండి తటాకమునకు మళ్లించి, కోటలో కురిసిన చినుకును సైతము రాతికాలువలలో ఒడిసిపట్టిన ప్రజలకు, ప్రాకారము వెలుపలి శత్రువుకంటె ముఖము చాటుచేసిన మేఘమే యెక్కువ భయహేతువై యుండునని నాకప్పుడు తోచినది.

ఈ తలంపునకు అడ్డుపడు మహాపండితుడు, సైనికాధికారియు పురావస్తుశాస్త్రజ్ఞుడునైన సర్ మార్టిమర్ వీలర్. ఆయన 1946లో హరప్పాయందు కోటగోడను బయల్పఱచి, మఱుసటి సంవత్సరమే ఋగ్వేదమున ఇంద్రునకు గల పురందర (కోటలను భేదించువాడు) నామమును ఆ గోడకు ముడివెట్టి, నగరవినాశమునకు ఇంద్రునే ముద్దాయిగా నిలిపెను. సాక్ష్యమేమి? మొహెంజొదారోలో దొరికిన నలువదికి లోపు అస్థిపంజరములు. అవి యన్నియు ఏకకాలమునకు చెందినవి కావు. కోటకై పోరాడి మడిసినవారి యెముకలు కోటలోనే యుండవలసియుండగా, అచ్చట ఒక్కటియు లభింపలేదు. జార్జ్ డేల్స్ 1964లోనే ఈ సంహారకథ నిరాధారమని చాటెను. పిమ్మట ఆ యెముకలను పరీక్షించిన కెన్నెత్ కెన్నెడీ వధను సూచించు గాయములు మిక్కిలి యరుదని తేల్చెను. వీలర్ సైతము తుదకు తన మాటను కొంత సడలించుకొనెను. అయినను నగరము చచ్చిన చంపినవాడొకడు ఉండితీరవలెనను ఆ సైనికాధికారి దృష్టి మన చరిత్రరచనను తరములపాటు పీడించినది. నా యభియోగము ఆయన నిర్ణయముపై గాక ఆ దృష్టిపైననే.

కోటగోడను విడిచి చెరువుమట్టిని అడిగిన మఱొక కథ వినవచ్చును. హర్యానాలోని కోట్లా దహర్ అను ప్రాచీన సరస్సు అడుగున పొరలు పొరలుగా నత్తగుల్లలు నిలిచియున్నవి. సరస్సునీరు ఆవిరియగునపుడు తేలికైన ఆమ్లజని ముందుగా పోవును, బరువైనది మిగులును. ఆ నీటిలో పెరిగిన నత్త తన గుల్లలో ఆ లెక్కను దాచుకొనును. వ్రేలిగోరంతటి యా గుల్లలను పొరవెంట పొరగా పరీక్షించిన శాస్త్రజ్ఞులు, సుమారు 4,100 సంవత్సరముల క్రిందట అచ్చట వేసవి ఋతుపవనములు హఠాత్తుగా బలహీనపడినవని 2014లో ప్రకటించిరి. మేఘాలయమందలి మామ్లూ గుహలో బొట్టుబొట్టుగా పెరిగిన సున్నపురాతిస్తంభమును ఇంచుమించుగా ఆ కాలపు క్షామమునే చెప్పుచున్నది. ఆ సాక్ష్యము ఎంత దృఢమైనదనగా, భూవిజ్ఞానులు 2018లో 4,200 సంవత్సరముల క్రిందట మొదలైన కాలఖండమునకు మేఘాలయమని పేరిడిరి. పిమ్మట క్రీ.పూ. 1900 ప్రాంతమున మహానగరములు పాడుపడసాగినవి. ముద్రలును, లిపియును క్రమముగా మాయమైనవి. నడుమ రెండు మూడు శతాబ్దముల యెడమున్నదని కొందఱాక్షేపింతురు గాని, నిండుచెరువు ఒక్కనాట ఎండదు.

అనావృష్టి వెంట రోగము వచ్చును. హరప్పా శ్మశానములలోని యెముకలను పరిశీలించి 2013లో వెలువరించిన పరిశోధన ప్రకారము, నగరజీవనము చెదరిన కాలమున కుష్ఠు, క్షయ చిహ్నములు పూర్వముకంటె హెచ్చినవి. అచ్చటి కపాలములపై గాయములును గలవు. అవి అన్నము కఱవైనచోట పుట్టిన కలహముల గుర్తులని నా యభిప్రాయము. ప్రజలు మాత్రము నశింపలేదు. తూర్పున వాన నమ్మకముగా కురియు నేలలకు తరలి చిన్నపల్లెలు కట్టుకొనిరి. ధోలావీరాలోనే, కొలతబద్ద పెట్టి గీచినట్లున్న వీథుల శిథిలములపై, చివరి నివాసులు గుండ్రని గుడిసెలు వేసికొనిరి. వారిని తఱిమిన శత్రువు బాణమేదియు ఆ పొరలలో మనకు సాక్ష్యమిచ్చుట లేదు.

ఋతుపవనములు బలహీనపడిన ఆ యుగముననే అక్కద్ సామ్రాజ్యము కూలినది. ఈజిప్టున ప్రాచీనరాజ్యము శిథిలమైనది. ఇన్ని దేశములలో ఒక్కసారిగా ఇంద్రుడు దండెత్తెనని యెవరును చెప్పజాలరు. కావున ప్రాచీన నాగరికతల ఆయుర్దాయమును నిర్ణయించినది రాజుల ఖడ్గము గాక ఋతువుల గతియే యని నిశ్చయముగా చెప్పుచున్నాను. ఇకమీదట శిథిలనగరమును చేరిన పరిశోధకుడు తన మొదటి గునపమును కోటగోడ మొదట గాక చెరువుగర్భమున దింపవలెను.