సూరత్ వజ్రంలో లంబకోణ త్రిభుజం



30, 45, 60 డిగ్రీల త్రికోణమితి విలువలను మీరు కంఠస్థం చేసే ఉంటారు. ఈ మూడు కోణాలకే అంత ప్రాధాన్యం ఎందుకు? జవాబు కోసం గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ వెళ్దాం.

17వ శతాబ్దంలో సూరత్ మొగలుల ప్రధాన రేవు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ మీదుగా గోల్కొండ రాజ్యానికి వచ్చి, మన కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రపు గనిని చూశాడు. ఇప్పుడు ముడి వజ్రాలు ఎక్కువగా విదేశాల నుంచి వస్తున్నాయి. అయితే ప్రపంచ వజ్రాలలో అధిక భాగానికి సానపట్టేది సూరత్ పనివారే.

మొగలుల కాలంలో రాయి బరువు తగ్గకుండా చూడటమే ముఖ్యం. తర్వాతి కాలంలో మెరుపుకు విలువ పెరిగింది. పైనుంచి లోపలికి వెళ్ళిన కాంతి తిరిగి పైకే రావాలి. అందుకు గుండ్రని వజ్రం కింది ముఖాలు నడుము తలంతో 40.75 డిగ్రీల కోణం చేయాలని 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ తన 'డైమండ్ డిజైన్' పుస్తకంలో లెక్కగట్టాడు.

వజ్రాన్ని నిలువుగా సగానికి కోసినట్లు ఊహించండి. నడుము కింద రెండు లంబకోణ త్రిభుజాలు పక్కపక్కన కనిపిస్తాయి. నడుము వెడల్పు 10 మిల్లీమీటర్లయితే, ఒక్కొక్క త్రిభుజంలో ఆసన్న భుజం 5 మిల్లీమీటర్లు. ఎదుటి భుజమే మనకు కావలసిన లోతు. అంటే,

లోతు = 5 × టాన్ 40.75°

ఈ టాన్ విలువ మీకు నోటికి రాదు. ముందు తెలిసిన కోణాలతో చూడండి. కోణం 45 డిగ్రీలైతే భుజాలు సమానం, లోతు 5. కోణం 30 డిగ్రీలైతే లోతు 5 ÷ √3, అంటే సుమారు 2.89. కాబట్టి జవాబు 2.89కీ 5కీ మధ్యనే ఉండాలి. పట్టికలో టాన్ 40.75° సుమారు 0.862. లోతు 4.31 మిల్లీమీటర్లు. సరిపోయింది కదా!

మరి పట్టిక ఎక్కడిది? క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం పావు వృత్తాన్ని 24 భాగాలు చేసి, జ్యల మధ్య తేడాలను ఇచ్చింది. ఈ జ్యయే నేటి సైన్‌కు మూలం. వ్యాసార్ధం 3438గా తీసుకుని ఆ తేడాలను వరుసగా కూడండి. 30 డిగ్రీలకు 1719 వస్తుంది, సరిగ్గా సగం. సమబాహు త్రిభుజాన్ని నిలువునా రెండు చేస్తే వచ్చేది అదే. 45 డిగ్రీలకు 2431; ఇది చతురస్రపు కర్ణం నుంచి వచ్చే 3438 ÷ √2. ఈ రెండింటితో మొదలుపెట్టి సగం కోణాలు, పూరక కోణాలు కడుతూ పోతే 3.75 డిగ్రీల అంతరంతో పట్టిక మొత్తం సాధించవచ్చు. సైన్‌ను కొసైన్‌తో భాగిస్తే టాన్.

అదీ ఆ కోణాల ప్రాధాన్యం. అవి పట్టికకు పునాదిరాళ్ళు. మన లెక్కకు సరిహద్దురాళ్ళు.

సులువని సూరత్ పనివాడు 45 డిగ్రీలే పెడితే లోతులో 0.69 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, కాంతి దారి తప్పుతుంది. ఒకసారి ఎక్కువ అరగదీస్తే పోయిన వజ్రం తిరిగి రాదు. అందుకే లెక్క ముందు, సాన తర్వాత.

ఇక మీ వంతు. అదే వజ్రం పైన చదును ముఖం వెడల్పు 5.3 మిల్లీమీటర్లు, పక్క ముఖాల వాలు 34.5 డిగ్రీలు. నడుము నుంచి చదును ముఖం ఎత్తు ఎంత? పట్టిక తెరిచే ముందు, జవాబు ఏ రెండు విలువల మధ్య ఉంటుందో 30, 45 డిగ్రీలతో రాసుకోండి.