నీరడికి మేర, ప్లంబరుకు జీతం

మొన్న ఎండాకాలం నల్లగొండలో మా అపార్ట్‌మెంట్ మోటరు కాలిపోయి మూడు రోజులు నల్లాలో చుక్క రాలేదు. ఎప్పుడూ వచ్చే ప్లంబరు ఫోను ఎత్తలేదు. మగవాళ్లు డ్యూటీలకు వెళ్లిపోయారు. కింద ట్యాంకరు నుంచి మూడో అంతస్తు దాకా బిందెలు మోసింది మేమే. అది చూసి మా అత్తమ్మ ఒకటే మాటన్నది: "మీకు నీరడి లేడు బిడ్డా, అందుకే ఈ తిప్పలు."

మా దిక్కు చెరువుల మీద బతికిన నేల. పానగల్లు ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది. అట్లాంటి చెరువు తరతరాలు నిలవాలంటే కట్టిన రాజు ఒక్కడే చాలడు, రోజూ కనిపెట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషే నీరడి. తూము తెరవడం, మూయడం, కాల్వలు బాగుచేయడం, నీళ్లు తక్కువైన ఏడు వంతులవారీగా పొలాలకు పారించడం, వానల్లో కట్ట మీద తిరుగుతూ గండి పడకుండా చూడడం అతని పని.

అతనికిచ్చేది పిలిచినప్పుడు చేతిలో పెట్టే కూలి కాదు. కోతలయ్యాక కల్లం దగ్గరే రైతులు వడ్లు కొలిచి పోసేవాళ్లు. దాన్నే మేర అంటారు. కొన్ని ఊళ్లలో ఇనాం భూమి కూడా ఉండేది. చెరువు నిండితేనే అతని గంప నిండేది. అందుకే చెరువును సొంతంగా చూసుకునేవాడు.

అట్లాగని పాతకాలమంతా బంగారమనుకోకండి. ఈ పని చాలాచోట్ల దళితుల మీదే, తండ్రి తర్వాత కొడుకు మీద పడేది. పైగా అవే ఊళ్లలో వెట్టి ఉండేది. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ ఎవరైనా సరే, దొర కబురు పెడితే పైసా లేకుండా చేయాల్సిందే. ఆ కడుపుమంటే సాయుధ పోరాటమైంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. ఆ ఊరు అప్పుడు మన నల్లగొండ జిల్లాలోదే.

తర్వాత 1955లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. బోర్లొచ్చాక చెరువు మీద ధ్యాస తగ్గింది. 2015లో మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీశారు. నీరడులు, మస్కూరీలు వీఆర్ఏలయ్యారు. వాళ్లకు పేస్కేలు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించేసరికి 2023 వచ్చింది.

ఇదంతా తలచుకుంటే నాకు సిగ్గేసింది. "ఎట్లాగూ వచ్చినవు గద, మా వంటింటి నల్లా కూడా చూసిపో" అని నేనెన్నిసార్లు ఊరికే చేయించుకోలేదు? దసరా రోజు పిలిచాం. మూడు నెలల బిల్లు ఆపాం. మేర ఇవ్వకుండా వెట్టి చేయించుకున్నాం. ఆయన ఫోను ఎందుకెత్తుతాడు?

ఆ నెల మీటింగుకు ఆడవాళ్లందరం వెళ్లాం. పని ఉన్నా లేకున్నా నెలనెలా జీతం, ఎవరి ఇంట్లో పనికి వాళ్లు అప్పటికప్పుడే డబ్బులు, ఇదీ మా మాట. "పనిలేని నెల కూడా ఎందుకివ్వాలి?" అన్నారొకరు. వెనక కూర్చున్న అత్తమ్మ లేచింది.

"కట్ట తెగని ఏడు నీరడికి మేర ఎగ్గొట్టినమా?"

ఇంకెవరూ మాట్లాడలేదు. ముందు పాత బాకీ కట్టాం. ఇప్పుడు ఆ అన్న పిలవకముందే నెలకోసారి వచ్చి మోటరు చూసిపోతున్నాడు.