బొమ్మ కంటే ముందొచ్చిన మాట

నెల్లూరులో విడుదలైన సినిమా ఉదయగిరి చేరాలంటే ఒకప్పుడు వారాలు పట్టేది, ఒక్కోసారి నెలలు పట్టేది. ఆ సినిమా మీద పత్రికలో పడిన సమీక్ష మాత్రం పేపర్ల కట్టతో బస్సెక్కి ముందే దిగేది. ఆత్మకూరులోనూ అంతే. నెల్లూరుకు కాస్త దగ్గర కాబట్టి ఎదురుచూపు కాస్త తక్కువ. బొమ్మ చూడకముందే బొమ్మ గురించి చదివి, వాదించుకొని, ఎవరు బాగా చేశారో తేల్చేసుకున్న తరాలు ఈ మెట్ట ప్రాంతంలో ఉన్నాయి. తెలుగులో సినిమా సమీక్ష ఎలా పుట్టిందో చెప్పుకునేటప్పుడు మనం మద్రాసు, బెజవాడ, హైదరాబాదుల దగ్గరే ఆగిపోతుంటాం. ఆ సమీక్షల్ని ఆకలిగా చదివింది మాత్రం ఇలాంటి ఊళ్లేనని నా నమ్మకం.

ఆలస్యానికి కారణం ఫిల్మే. మూడు గంటల సినిమా అంటే పదహారో పద్దెనిమిదో రీళ్లు. 1000 అడుగుల రీలు తెర మీద ఆడేది 11 నిమిషాలు. ప్రింటు ఖరీదు ఎక్కువ కాబట్టి పంపిణీదారులు కొన్ని ప్రింట్లే తీయించి, వాటినే ఊరి నుంచి ఊరికి తిప్పేవాళ్లు. వ్యాపార భాషలో పెద్ద పట్టణాలు ఏ సెంటర్లు, తర్వాతివి బీ, చివర సీ. తెలుగు సినిమా లెక్కల్లో నెల్లూరు నేటికీ నైజాం, సీడెడ్‌ల లాగా విడిగా ఒక ఏరియా. ఆ ఏరియాలోనూ నెల్లూరు పట్టణానిది మొదటి వంతు, దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో కొండ కింద ఉన్న ఉదయగిరిది చివరి వంతు.

సమీక్ష చరిత్ర ఇంతకంటే చాలా ముందే మొదలైంది. 1896 జూలైలో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్‌లో ఆడాయి. అదే ఏడాది రష్యాలోని నీజ్నీ నొవ్‌గొరోద్ ఉత్సవంలో ఆ బొమ్మల్నే చూసి మాక్సిమ్ గోర్కీ పత్రికలో వ్యాసం రాశారు. ప్రపంచంలో తొలి సినిమా సమీక్షల్లో దాన్నొకటిగా చెబుతారు. మన దేశంలో 1935లో బాబూరావు పటేల్ బొంబాయి నుంచి ఫిల్మిండియా పత్రిక మొదలుపెట్టాక సమీక్షకు భయపడటం నిర్మాతలకు అలవాటైంది.

తెలుగులో ఈ పనికి గౌరవం తెచ్చినవారిలో కమలాకర కామేశ్వరరావును ముందు చెప్పుకోవాలి. 1930లలో బందరు నుంచి వెలువడే కృష్ణాపత్రికలో ఆయన ‘సినీఫాన్’ పేరుతో సమీక్షలు రాశారు. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణం, ద్రౌపదీ మానసంరక్షణం ఒకే కథతో పోటీ పడ్డప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచారు. టాకీ వచ్చి అయిదేళ్లయినా నిండని రోజులవి. అప్పటికింకా నాటకం చూసిన కళ్లతోనే జనం సినిమా చూస్తున్నారు. నటుడు పద్యం ఎంత బాగా పాడాడన్నదే గీటురాయి. తెర మీది కథనానికి వేరే కొలత కావాలని పట్టుబట్టిన సమీక్షకుడాయన. తర్వాత ఆయనే దర్శకత్వ శాఖలో చేరి 1954లో చంద్రహారం, 1963లో నర్తనశాల తీశారు. సమీక్ష రాసినవాడికి సినిమా తీయడం తెలుసా అని అడిగేవాళ్లకు నర్తనశాలే జవాబు.

1950లలో ఆంధ్రపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ సమీక్షలు వచ్చాయి. నవ్విస్తూనే సినిమా బండారం బయటపెట్టే రాతలవి. ఆయన కూడా 1962లో రక్తసంబంధం మాటలతో తెర వెనక్కి వెళ్లిపోయారు. కొడవటిగంటి కుటుంబరావు మాత్రం ఒడ్డునే నిలబడి, సినిమా సమాజానికి ఏం చేస్తోందన్న ప్రశ్న వదలకుండా రాశారు. ఆంగ్లంలో గుడిపూడి శ్రీహరి హిందూ పత్రికకు దశాబ్దాల పాటు తెలుగు సినిమాల మీద రాశారు. ఆయన 2022లో కన్నుమూశారు.

వీళ్లంతా రాష్ట్రానికంతటికీ తెలిసినవాళ్లు. మన జిల్లా సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నెల్లూరుకు సొంత పత్రిక ఉంది. జమీందారీ రైతుల పక్షాన పుట్టి, వాళ్ల గోడు వినిపించడానికి నిలబడ్డ జమీన్ రైతు వారపత్రిక అది. పన్నులు, కాలవలు, వెంకటగిరి రాజాగారి సిబ్బంది ఆగడాల గురించి రాసిన పత్రిక సినిమాలకు చోటివ్వడం కొందరికి వింతగా తోచవచ్చు. నాకు మాత్రం అందులో గొప్ప పొందిక కనిపిస్తుంది. రైతు తరఫున జమీందారును నిలదీసిన కలం, టికెట్టు కొన్న మనిషి తరఫున నిర్మాతను నిలదీసింది. శుక్రవారం తేదీతో వెలువడే ఆ పత్రికలో 1957 ఏప్రిల్‌లో మాయాబజార్ మీద సమీక్ష వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో గ్రిద్దలూరు గోపాలరావు పేరుతో వరసగా వచ్చిన సమీక్షలు ఇప్పటికీ పరిశోధకులకు ఆధారాలు. మద్రాసు స్టూడియోల ప్రకటనల మీద బతికే సినిమా పత్రిక కాదది. హీరోగారికి కోపం వస్తుందేమోనన్న బెరుకు జిల్లా పత్రికకు అంతగా ఉండదు. సమీక్షలో సూటిదనానికి ఆ దూరం చాలా అవసరం.

మాయాబజార్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర దర్శకత్వ శాఖలో పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1931లో పుట్టింది ఉదయగిరిలోనే. మాటల్లేని పుష్పక విమానంతో 1987లో దేశాన్ని ఆశ్చర్యపరిచింది ఆయనే. ఒక్క సంభాషణా లేని ఆ సినిమాకు సమీక్ష రాయడం విమర్శకులకు నిజమైన పరీక్ష. డైలాగులు బాగా పేలాయి అన్న వాక్యం వాడుకోవడానికి లేదు మరి.

పత్రిక అందని చోట ప్రచారబండి అందేది. ఎద్దులబండికో రిక్షాకో రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో ఆటల వేళలు చెబుతూ, గులాబీ రంగు, పసుపు రంగు కరపత్రాలు గాల్లోకి విసిరేవాళ్లు. పిల్లలు దుమ్ములో వెంటబడి ఏరుకునేవాళ్లు. హాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవాళ్లు. పలచటి కాగితం, ఒకటి రెండు రంగుల అట్ట. లోపల నటీనటుల పట్టిక, పాటలు, కథాసంగ్రహం. కథ సరిగ్గా ముడిపడిన చోట ఆపేసి, మిగతాది వెండితెరపై చూడమని ముగించేవాళ్లు. కరపత్రమూ పాటల పుస్తకమూ జనాన్ని హాలు గుమ్మం దాకా తీసుకొచ్చేవి. లోపలికి వెళ్లాలా వద్దా అన్నది సమీక్ష చెప్పాలి, లేదా నెల్లూరు వెళ్లొచ్చిన మనిషి చెప్పాలి. కోర్టు పనికో ఆస్పత్రికో నెల్లూరు వెళ్లి, పనిలో పనిగా మ్యాట్నీ చూసి చివరి బస్సుకు తిరిగొచ్చినవాడికి మర్నాడు టీ అంగడి దగ్గర గిరాకీ. “ఏం అబ్బయా, బొమ్మ ఎట్టుంది?” అంటే, “ఇంటర్వెల్ దాకా బాగుందన్నా, ఆ తర్వాత సాగదీశాడు” అని ఒక్క ముక్కలో తేల్చేవాడు. సినిమావాళ్లు మౌత్ టాక్ అనేది దీన్నే.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. నెల్లూరు సమీక్షకుడు చూసిన సినిమా, ఉదయగిరి ప్రేక్షకుడు చూసిన సినిమా అచ్చంగా ఒకటి కాదు. చేతులు మారి మారి వచ్చిన ప్రింటు మీద వానచారల్లా గీతలుండేవి. తెగిన చోటల్లా కత్తిరించి అతికించడంతో ఫ్రేములు పోయేవి, ఒక్కోసారి సగం సన్నివేశమే పోయేది. ఒక్క ప్రొజెక్టరే ఉన్న డేరా టాకీసులో రీలు మారినప్పుడల్లా ఆట ఆగేది. సమీక్షలో మెచ్చుకున్న సన్నివేశం కోసం నేల టికెట్టులో కూర్చుని కాచుకున్నవాడికి అది కనిపించకపోతే మోసపోయాననిపించేది. అలాంటివాడికి సమీక్ష సినిమాలో పోయిన ముక్కకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. అందుకే ఆ పాత సమీక్షల కత్తిరింపుల్ని ఇళ్లలో దాచుకున్నవాళ్ల ప్రేమ నాకు బాగా అర్థమవుతుంది.

1982 ఏషియాడ్ తర్వాత రంగుల టీవీ, దాంతో పాటే వీసీఆర్ పల్లెలకొచ్చాయి. ఒక గది, ఒక టీవీ, బెంచీలు ఉంటే వీడియో పార్లర్. వీడియో పైరసీని అదుపు చేయడానికి 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించాల్సి వచ్చిందంటే ఆ ఉద్ధృతి ఎంతటిదో ఊహించుకోవచ్చు. అప్పుడు సమీక్షకుడి స్థానంలోకి క్యాసెట్లు అద్దెకిచ్చే అంగడి యజమాని వచ్చాడు. కొత్తగా ఏమొచ్చిందన్నా అని అడిగితే అతను కథతో పాటు ప్రింటు సంగతీ చెప్పాలి. ఒరిజినలా, హాల్లో కెమెరా పెట్టి తీసిందా, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చా? పత్రికల సమీక్షల్లో ఈ మూడో ప్రశ్నకు జవాబు అరుదుగా దొరికేది. ఇంటి ఆడవాళ్లు ముందు అడిగేది మాత్రం అదే. 2007లో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అద్దెకు తెచ్చుకోవాల్సిన పని కూడా తగ్గిపోయింది.

ఈలోగా సమీక్ష ఇంటర్నెట్ ఎక్కింది. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ అయిదుకు ఇన్ని మార్కులని ఇచ్చే పద్ధతిని తెలుగువాళ్లకు అలవాటు చేసింది. అమెరికాలో ప్రీమియర్ చూసినవాళ్ల మాట ఇక్కడ తెల్లవారక ముందే చేరడం మొదలైంది. 2005 తర్వాత క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రదర్శన పద్ధతులు రావడంతో రీళ్ల పెట్టెలు బస్సుల మీద తిరగడం ఆగింది. నాకు సంబంధించినంత వరకు ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. హైదరాబాదులో ఆడే ఉదయం ఆటే అదే రోజు ఆత్మకూరులోనూ ఆడుతుంది, ఒక్క ఫ్రేమూ తగ్గకుండా. చివరి వంతువాళ్లకు మొదటి వంతు దక్కింది. ఏ సమీక్షా ఇవ్వలేని న్యాయం అది. 2020 ఏప్రిల్‌లో, హాళ్లు మూతపడ్డ రోజుల్లో, అమృతరామం హాలుకే రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైంది. ఇప్పుడు చాలా సినిమాలు నెల తిరిగేసరికి ఫోన్లోకి వచ్చేస్తున్నాయి.

అయితే ఒకప్పుడు సమీక్షకూ సినిమాకూ మధ్య ఉన్న ఆ వారాల వ్యవధి ఇప్పుడు గంటల్లోకి కుదించుకుపోయింది. ఇంటర్వెల్‌లోనే వీడియో పెట్టి తీర్పు చెప్పేస్తున్నారు. 2024 ఏప్రిల్‌లో ఫ్యామిలీ స్టార్ సినిమా మీద కావాలని దుష్ప్రచారం చేస్తున్నారంటూ సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. అదే ఏడాది డిసెంబరులో, మొదటి మూడు రోజులు సమీక్షలు ఆపించమని తమిళ నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళితే కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సరైనది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా విమర్శ కోసం, సమీక్ష కోసం కృతిని న్యాయంగా వాడుకోవచ్చనే అంటుంది. నోరు నొక్కడం మందు కాదు. పేరు లేకుండా, డబ్బు పుచ్చుకుని, సినిమా పూర్తిగా చూడకుండా చెప్పే మాటనే పక్కన పెట్టాలి. తీరిగ్గా కూర్చుని రాసే సమీక్షకు ఇంకా విలువ ఉంది. 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సినీ విమర్శకుడి బహుమతి తెలుగులో రాసే పురుషోత్తమాచార్యులుకే వచ్చింది.

జమీన్ రైతు పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. ఉదయగిరి, ఆత్మకూరు కుర్రవాళ్లూ, మీ నాన్నలు, తాతలు ఎదురుచూసి చూసిన ఏ సినిమానైనా ఎంచుకుని, ఆ వారం సమీక్ష తీసి వాళ్లకే చదివి వినిపించండి. వచ్చే శుక్రవారం మీ ఊరి హాల్లో కొత్త సినిమా చూసొచ్చాక మార్కుల అంకె ఒక్కటే పెట్టి ఊరుకోకండి. ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎందుకో నాలుగు వాక్యాలు రాసి కింద మీ పేరు పెట్టండి.